ఎదురు లేని వాదం

ఒక శనివారం సాయంత్రం నాలుగూ పదికి మా వదిన టీ వడగట్టి, గ్లాసు పెట్టడానికి వేరే చోటు లేక నా కాగితాల మీద పెట్టింది. సమయం గుర్తుండడానికి కారణం ఉంది. ఆమె రోజూ సరిగ్గా నాలుగింటికి మగ్గం గుంతలోంచి లేచేది. పొద్దున్నుంచి గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి, లేవడానికి ఒక వేళ పెట్టుకోకపోతే ఇక లేవదని అనేది. ఆ తర్వాత పది నిమిషాలకు టీ అయ్యేది.

గ్లాసు తీశాక కాగితం మీద గుండ్రటి మరక పడింది. ఆ కాగితం నిండా నేను గీసిన సున్నాలూ బాణాలూ ఉన్నాయి.

"నీవి ఇన్ని సున్నాలుండాయి. నాదొకటి పడితే ఏమైతాది?" అంది వదిన. "ఇంతకూ ఏంది రత్నా ఇవి? సంతలో కోడిగుడ్లా?"

అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా నేను ఆ కోడిగుడ్లే గీస్తున్నాను. నా ఉద్యోగం అదే.

ఆదోనిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా పరిశోధన కృత్రిమ మేధలో ఒక మూలకు చెందింది. మనుషుల వాదనలను యంత్రానికి అర్థమయ్యేలా రాయడం, వాటిలో ఏది నిలుస్తుందో లెక్కగట్టడం మా పని. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, లోపల ఎలా ఉంటుంది మేడమ్ అని అడుగుతున్నారు. పదోన్నతులూ ఫైళ్ళూ ఎక్కడైనా ఒకటే కాబట్టి అవి వదిలేస్తాను. నాకు ఏదో ఒకటి నేర్పిన సంగతులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో పెద్దది నేను చేసిన తప్పు. దాన్ని పట్టుకున్నది మా అన్న భార్య ఉరుకుందమ్మ. ఏడో తరగతి దాకా చదువుకుంది. ఎమ్మిగనూరులో నలభై ఏళ్ళు చీరలు నేసింది. ఇప్పుడు లేదు. ఉంటే ఈ వ్యాసం అచ్చుకు పోయే ముందు ఒకసారి చదివించుకుని వినేది, సగం కొట్టేయించేది.

మూడు గుర్తులు

ముందు మా విద్య ఏమిటో చెప్పాలి. ఎక్కువసేపు పట్టదు.

ఒక్కో వాదానికి ఒక సున్నా గీస్తాం. ఒక వాదం ఇంకోదాన్ని కొడితే, కొట్టినదాని నుంచి దెబ్బ తిన్నదాని వైపు బాణం గీస్తాం. "ఈరోజు బస్సులు రావు, సమ్మె జరుగుతోంది" అని ఒకరు అంటారు. "సమ్మె నిన్ననే ఆపేశారు" అని ఇంకొకరు అంటారు. రెండోది మొదటిదాన్ని కొట్టింది. రెండోదాన్ని ఎవరూ కొట్టలేదు. కాబట్టి రెండోది నెగ్గింది, మొదటిది ఓడింది. రెండు వాదాలు ఒకదాన్నొకటి సమానంగా కొట్టుకుంటుంటే, తేలలేదు అని రాస్తాం. నెగ్గింది, ఓడింది, తేలలేదు. ఈ మూడే గుర్తులు. మిగతాదంతా పెద్ద పెద్ద బొమ్మల్లో ఆ మూడు గుర్తులను ఏ పద్ధతిలో పెట్టాలన్న గొడవ. ఆ గొడవ మీద బతికినవాళ్ళం ప్రపంచంలో కొద్దిమందిమి. ఒకరి పేపర్లు ఒకరం చదువుకుని, ఒకరి పేపర్లు ఒకరం తిప్పి పంపుకుని కాలం గడిపాం.

ఇదంతా ఆ శనివారం వదినకు చెప్పాను. టీ తాగుతూ విన్నది.

"ఇద్దరు ఒకర్నొకరు కాదంటాంటే నీ మిషను ఏం సెప్తాది?"

"తేలలేదని చెప్తుంది."

"అంతమాత్రం సెప్పేదానికి మిషను కావల్లా? మీ అన్నా నేనూ ముప్పై ఏండ్ల సంది తేలలే. మాకెవురూ ఉద్యోగమియ్యలే."

పక్క గదిలో ఉన్న మా అన్న దగ్గాడు. ఆ ఇంట్లో దానికి అర్థం, విన్నాను, బదులు చెప్పను అని.

అప్పటి నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం కాలేజీ అయ్యాక ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరు పోయేదాన్ని. నాలుగూ పదికి టీ. ఆ వారం రాసినది ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పేదాన్ని. తెలుగులో చెప్పలేకపోయిన చోట నాకే సరిగా అర్థం కాలేదని తెలిసిపోయేది. ఇది కొత్తవాళ్ళకు నేను ఇవ్వగలిగిన మొదటి సలహా. మీ విషయం తెలియని, మీరంటే భయం లేని ఒక మనిషిని వెతుక్కోండి. మీరంటే భయం లేకపోవడం ముఖ్యం.

మా గైడు సారు

నేను పీహెచ్‌డీ చేసింది దూరంగా, వేరే రాష్ట్రంలో. మా గైడు సారు మాట తక్కువ మనిషి. నెల రోజులు కూర్చుని రాసిన అధ్యాయం పట్టుకుపోతే, ఆయన ఒక ఉదాహరణ దగ్గర వేలు పెట్టి, "ఇది ఎవరైనా నిజంగా అన్నారా, నువ్వే అనుకున్నావా?" అని అడిగేవారు. మా రంగంలో ఉదాహరణలన్నీ, పక్షి ఎగురుతుంది కానీ పెంగ్విన్ ఎగరదు అన్నట్టు, ఎగరని పక్షుల గురించే. ఆ పక్షుల మీద వచ్చినన్ని పేపర్లు మనుషుల మీద రాలేదు. నేను పక్షులు తీసేసి, ఆదోని మార్కెట్టులో పత్తి తడిగా ఉందా లేదా అని రైతూ వ్యాపారీ వాదించుకోవడం రాశాను. పత్తిని పిడికిట్లో నొక్కి చూపించి ఒకరు, అది పొద్దుటి మంచు అని ఇంకొకరు. ఆయన చదివి, "ఇది విన్నట్టుంది" అన్నారు. ఆరేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది అంతే.

ఆయనలో లోపం కూడా చెప్పాలి. తప్పు ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు. ఒకసారి ఆయన రుజువులో ఒక మెట్టు తప్పని చూపించాను. మధ్యాహ్నమంతా దాన్ని సమర్థించుకున్నారు. చివరకు నా చేతిరాత బాగాలేదన్నారు. మూడు రోజుల తర్వాత నా బల్ల మీద ఒక చీటీ ఉంది. "నువ్వు చెప్పింది సరే." సంతకం లేదు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. పట్టా ఎక్కడుందో వెతకాలి.

వాదాల మీద జీవితమంతా పనిచేసినవాళ్ళు ఓడిపోవడం నేర్చుకుని ఉంటారని బయటివాళ్ళు అనుకుంటారు. ఉగాది తర్వాత కైరుప్పలలో పిడకలతో కొట్టుకోవడం చూసినవాళ్ళకు మా సదస్సులు కొత్తగా అనిపించవు. కైరుప్పలలో మాత్రం కొట్టుకున్నవాళ్ళు ఆ పూటే కలిసిపోతారు.

ఆదోనిలో కృత్రిమ మేధ

ఆదోనిలో కూర్చుని కృత్రిమ మేధ మీద పరిశోధన చేస్తున్నానంటే మొదట్లో నవ్వేవారు. మా విభాగాధిపతి నన్ను బయటివాళ్ళకు పరిచయం చేస్తూ, "ఈమె కూడా మా దగ్గరే ఉంటారు" అనేవాడు. పదేళ్ళ పాటు నా సబ్జెక్టుకు ఏటా ముగ్గురు నలుగురు విద్యార్థులు వచ్చేవారు. వాళ్ళలో ఒకరిద్దరు వేరే తరగతి అనుకుని వచ్చినవాళ్ళు.

తర్వాత గాలి మారింది. కృత్రిమ మేధ అన్న మాట అందరి నోటా వచ్చింది. అదే విభాగాధిపతి గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టించాడు. నా గదికి వచ్చి, "మేడమ్, క్యాంటీనులో కూడా ఏఐ పెడితే ఎట్లుంటుంది?" అన్నాడు. ముందు ఉప్పు పెడితే బాగుంటుందన్నాను. ఆయన నవ్వాడు. మంచి మనిషే. అంతకు ముందు నవ్విందీ ఆయనే, తర్వాత బోర్డు పెట్టిందీ ఆయనే. రెండుసార్లూ మా పని ఏమిటో ఆయన అడగలేదు. పిల్లలకు చెబుతున్నాను, గాలి ఎటు వీచినా మీ పనిలో పెద్ద తేడా ఉండదు. కుర్చీలు మాత్రం కొత్తవి వస్తాయి.

ఆ కొత్త కుర్చీల కాలంలోనే నాకు ఒక చిన్న ప్రాజెక్టు దొరికింది. ఊళ్ళల్లో పెద్దమనుషుల ముందుకు వచ్చే తగాదాలు విని, ఎవరేమన్నారో రాసుకుని, బొమ్మ గీయించి, మా ప్రోగ్రాము ఏమంటుందో చూడాలి. గోనెగండ్ల వైపు కొన్ని, నందవరం వైపు కొన్ని, ఎమ్మిగనూరు నేతవాళ్ళ వీధుల్లో కొన్ని విన్నాను. మా అన్న ఇల్లు ఆ వీధుల్లోనే కాబట్టి అక్కడివాళ్ళు నన్ను బాగా చూసుకున్నారు. నా తప్పు ఆ వీధిలోనే జరిగింది.

ఈరన్న, సుంకమ్మ

మా అన్న ఇంటిని ఆనుకుని ఈరన్న ఇల్లు. మధ్యలో గోడ ఒకటే. ఆ ఇంట్లో ఈరన్న, ఆయన భార్య, కొడుకు, చనిపోయిన తమ్ముడి భార్య సుంకమ్మ ఉండేవారు. ఈరన్న చాలా ముందే మగ్గం మానేసి, పొద్దున బస్సుకు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుకు పనికి పోయేవాడు. భార్య పొలం పనికి, కొడుకు సెల్‌ఫోన్ల పని నేర్చుకోవడానికి బజారుకు పోయేవారు. ముందు గదిలో తమ్ముడి మగ్గం ఒకటి మిగిలింది. దాని గుంత పూడ్చేసి ఆ గదిలో కొడుకుకు సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టాలన్నది ఈరన్న కోరిక.

ఒక శుక్రవారం సాయంత్రం నరసప్ప అనే పెద్దాయన అరుగు మీద పంచాయితీ కూర్చుంది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని ఒక పక్కన కూర్చున్నాను. ఈరన్న మూడు వాదాలు చెప్పాడు. కొడుక్కు బతుకుతెరువు కావాలి. వాన పడితే గుంతలో నీరు ఊరి గోడ చెమ్మగిల్లుతోంది. మూడోది అసలైనది.

"తమ్ముడు పోయినప్పుడు మగ్గం మీద కప్పిన దుప్పటి రెండేండ్లయినా తీయలేదప్పా. నేసేవాళ్ళు లేని మగ్గానికి గుంత యాల?"

సుంకమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. నరసప్ప అటు తిరిగి, "ఏమ్మా, నువ్వేమంటావు?" అన్నాడు. జవాబు లేదు. ఇంకోసారి అడిగాడు. లేదు. మూడోసారి కూడా అడిగి, అడగాల్సినన్ని సార్లు అడిగానన్నట్టు నా వైపు చూశాడు.

నేను మూడు సున్నాలు గీశాను. వాటి వైపు ఒక్క బాణం కూడా లేదు. మీట నొక్కాను. మూడూ పచ్చగా వెలిగాయి. ఎదురు లేని వాదం నెగ్గుతుంది. మా శాస్త్రంలో అది మొదటి పాఠం, ఇన్నేళ్ళలో దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. తెరను పెద్దమనుషుల వైపు తిప్పి చూపించాను. అలా తిప్పడంలో కొంచెం గొప్ప కూడా ఉంది. అది నాకు తర్వాత తెలిసింది.

"మిషనే సెప్పినాక ఇంగేముంది" అన్నాడు నరసప్ప. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మేస్త్రీని ఇసుకతో రమ్మన్నారు.

నాలుగూ పది

మర్నాడు శనివారం టీ దగ్గర ఈ సంగతి వదినకు సంతోషంగా చెప్పాను. నిజమైన పంచాయితీలో మా ప్రోగ్రాము పనిచేసింది అని.

వదిన గ్లాసు కింద పెట్టింది. "సుంకమ్మ ఏం సెప్పింది?"

"ఏమీ చెప్పలేదు. మూడుసార్లు అడిగారు."

"ఆడ ఈరన్న ఉన్న్యాడా?"

"ఉన్నాడు."

"ఈరన్న ఆ పిల్లకు ఏమైతాడు?"

నాకు అప్పుడు వెలిగింది. ఈరన్న ఆమె మొగుడికి అన్న. ఆమెకు బావ. మా వీధుల్లో తమ్ముడి భార్య బావ ముందు నిలబడి మాట్లాడదు. ఆయన ఉన్న గదిలోకి రాదు. ఆయనా ఆమె మసిలే చోటుకు పోడు. నేను ఆ వీధిలోనే పుట్టాను. మా అమ్మ మా పెదనాన్నతో ఒక్క మాట మాట్లాడడం నేను చూడలేదు. అయినా ఆ పూట నాకు గుర్తు రాలేదు. నా ముందు తెర ఉంది.

"ఆ పిల్ల నేసేది మానలే" అంది వదిన. "ఈరన్న బస్సెక్కినాక దుప్పటి తీస్తాది. ఆయప్ప వచ్చేలోపల దుమ్ము పడకుండా మల్ల కప్పుతాది. రెండేండ్ల సంది గోడవతల ఆ మగ్గం సప్పుడు నేను వింటానే ఉండాను. నేతవాళ్ళ సొసైటీ కార్డు ఇంగా ఆమె మొగుని పేరు మీదే ఉండాదని, ఆమె చీరలు నా చీరలతో కలిపి నేనే ఆడ ఇచ్చి వస్తాండా. ఆ గుంత పూడిస్తే రేప్పొద్దున ఆ పిల్ల పొలం పనికి పోవల్ల. పుట్టినప్పటి సంది మగ్గం తప్ప ఏం తెల్దు దానికి."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు వదినా?"

"నువ్వు అడిగినావా?" అంది. తర్వాత కొంచెం మెత్తబడి, "నీ మిషనుకు సెవులు లేవు, సరే. నీకుండాయి గదా మే" అంది.

ఆ మాటకు నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. నేను లేచి, ఇప్పుడే నరసప్ప దగ్గరికి పోయి అంతా చెప్తానన్నాను. వదిన నన్ను కూర్చోబెట్టింది.

"నువ్వు పోయి సెప్తే అది నీ వాదమైతాది. నిన్న మిషను సెప్పింది, ఈ పొద్దు మేడమ్ సెప్పింది. ఆ పిల్ల ఎప్పుడు సెప్పాల?"

"బావ ముందు మాట్లాడదు కదా?"

"బావతో మాట్లాడదు. మగ్గంతో మాట్లాడొచ్చు."

ఇది కూడా నేను చిన్నప్పుడు చూసినదే. మా అమ్మ మా పెదనాన్నకు ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకు చెప్పేది. "ఓ గోడా, ఉప్పు అయిపోయింది" అనేది. ఆయన బజారు నుంచి ఉప్పు తెచ్చి గోడ దగ్గర పెట్టేవాడు. నా పరిశోధనలో అందరి మాటకూ చోటు ఉందని నేను గర్వపడేదాన్ని. గోడకు చెప్పిన మాటకు చోటు లేదు.

మగ్గం ముందు

ఆదివారం ఎనిమిదింటికి మేస్త్రీ ఇసుక బండితో వచ్చాడు. నరసప్పను నేనే పిలిపించాను. ఈరన్న గుమ్మం బయట నిలబడ్డాడు. గదిలో మగ్గం దగ్గర సుంకమ్మ, ఆమె పక్కన మా వదిన. సుంకమ్మ అప్పటికి నలభై లోపు మనిషి. వదిన ఆమె మోచేతిని పొడిచింది.

సుంకమ్మ దుప్పటి లాగేసింది. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. పసుప్పచ్చ రంగు, ఎర్ర అంచు.

"ఏం మగ్గమా" అంది, బావ వైపు చూడకుండా. ఇంకోసారి అంది. "ఏం మగ్గమా, నువ్వు రెండేండ్ల సంది పనుకున్యావంట గదా. ఈ సీర మల్ల యెవురు నేసినారు? ఎలకలు నేసినాయా?"

నరసప్ప నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఈరన్న నవ్వలేదు. చాలాసేపు చీర వైపు చూశాడు. తర్వాత ఆయన కూడా మగ్గంతోనే అన్నాడు.

"మగ్గమా, నా తమ్ముడు పోయిననాడు కప్పిన దుప్పటి దినామూ అట్లే కనపడతాంటే నేనేమనుకోవల్ల?"

"అది దుమ్ముకు కప్పేది మగ్గమా. తెల్లారితే తీసేది, పొద్దుగూకితే కప్పేది."

"నాకొక మాట సెప్పింటే ఏం పోయింది మగ్గమా?"

"అడిగింటే సెప్పేదాన్ని మగ్గమా."

మేస్త్రీకి ఓపిక అయిపోయింది. "అన్నా, నాకు ఇంగో ఇంటికాడ పనుంది. ఇసుక దించల్లా వద్దా? నేనెవురితో మాట్లాడల్ల?"

"నువ్వు ఇసుకతో మాట్లాడు" అంది మా వదిన.

అందరూ నవ్వారు. ఈరన్న కూడా. నవ్వాక కళ్ళు తుడుచుకున్నాడు. అది నవ్వు వల్లా కాదా అని నేను అడగలేదు. "సరే మగ్గమా, నువ్వు ఈడ్నే ఉండు. పిల్లోని అంగడి అరుగు మీద పెట్టుకుంటాం" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మేడమ్, మీ మిషనుకు సెప్పండి. నేను ఓడిపోయినా అని."

పూర్తిగా ఓడిపోలేదు. గోడ చెమ్మ గురించి ఆయన చెప్పింది నిజమే. దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి వానాకాలం ఆ గుంతలో నీరు ఊరేది, తోడి పోసేవారు. కొన్నిసార్లు తోడింది ఈరన్నే. మగ్గానికి చెప్పి మరీ తోడేవాడట.

నాలుగో గుర్తు

ఆ తర్వాత నా బొమ్మల్లో నాలుగో గుర్తు పెట్టాను. నెగ్గింది, ఓడింది, తేలలేదు, అడగలేదు. అడగడమంటే పేరు పెట్టి మూడుసార్లు పిలవడం కాదు. ఆ మనిషి చెప్పగలిగే చోట, చెప్పగలిగే తీరులో అడగడం. అలా అడగని వాదం పక్కన ఎదురు లేదని రాయకూడదు. ఆ బొమ్మ మీద మీట నొక్కకూడదు.

అది పేపరుగా రాసి పంపితే తిరిగి వచ్చింది. ఎదురు లేని వాదం నెగ్గుతుందన్నది నిర్వచనం, రచయిత్రికి నిర్వచనం అర్థమైనట్టు లేదు అని ఒక సమీక్షకుడు రాశాడు. నాకు బాగానే అర్థమైంది. అర్థమైనందువల్లే ఒక మనిషి బతుకు పూడ్చబోయాను. రెండోసారి ఒక సిద్ధాంతం, నాలుగు పేజీల రుజువు చేర్చి పంపాను. తీసుకున్నారు. ఆ రుజువు గట్టిదే కానీ అవసరం లేనిది. మా రంగంలో అవసరమైన మాట లోపలికి పోవాలంటే అవసరం లేని రుజువు ఒకటి ముందు నడవాలి. ఇది కొత్తవాళ్ళకు ముందే తెలిస్తే మంచిది.

పేపరు చివర కృతజ్ఞతల్లో వదిన పేరు రాశాను. చదివి వినిపించమంది. "శ్రీమతి యాల పెట్టినావు? పెండ్లి పత్రికనా ఇది?" అంది. తీసేశాను.

ఇప్పటి యంత్రాలు నా ప్రోగ్రాము లాంటివి కావు. ఏ పక్షం అడిగినా ఆ పక్షాన చక్కగా మాట్లాడతాయి. నేను ముప్పై ఏళ్ళు కష్టపడి గీసిన బాణాలు అవి అర నిమిషంలో గీస్తాయి. నాకు అసూయ లేదని చెప్పను. నేను ఒకదాన్ని సరదాకు అడిగాను. ఈరన్న మూడు వాదాలు ఇచ్చి, తీర్పు చెప్పమన్నాను. రెండు వైపులా ఎంతో మర్యాదగా, ఎంతో విపులంగా రాసి, గుంత పూడ్చవచ్చని తేల్చింది. తలుపు వెనక ఎవరైనా ఉన్నారా అని అడగలేదు. దాన్ని తప్పు పట్టడానికి నాకు అర్హత లేదు. నేనూ అడగలేదు. ఆ ప్రశ్న దానికి నేర్పడం ఇప్పుడు రంగంలోకి వస్తున్నవాళ్ళ పని. తేలిక కాదు. నాకు నేర్పడానికి ఒక మనిషికి ఎన్నో శనివారాలు పట్టింది.

గుంత

పోయిన ఏడు వానాకాలంలో మా వదిన పోయింది. గుండె. నాలుగింటికి లేవలేదని మా అన్న చూడబోతే మగ్గం మీదికి వంగి ఉంది. పదకొండో నాడు బంధువులు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు, చదువుకున్నదానివి కదా అని. చెప్పలేదు. సుంకమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

కొన్ని నెలలకు మా అన్న, వదిన మగ్గం గుంత పూడ్చేద్దామా అన్నాడు. ఆయనకు మోకాళ్ళు పనిచేయవు. కోడలు బట్టలు కుడుతుంది, కుట్టు మిషను పెట్టుకోవడానికి వెలుతురున్న చోటు అదొక్కటే. నన్ను ఊ అనమన్నాడు.

వెంటనే అనలేదు. నా పని నేను సరిగా చేశాను. అన్నను విడిగా అడిగాను. ఆయన కొడుకును బజారులో అడిగాను. కోడలిని వంటింట్లో, ఎవరూ లేనప్పుడు అడిగాను. "మీరు వద్దంటే వద్దు అత్తా" అంది. నా సంగతి వదిలెయ్, నీకేం కావాలి అన్నాను. "వెలుతురు కావాల" అంది. గోడ అవతలికి పోయి సుంకమ్మను అడిగాను. ఆమె నాడె ఆపింది. "పూడ్చండమ్మా. తెరిచిపెడితే నీళ్ళు నిలుస్తాయి" అని మళ్ళీ నేత మొదలుపెట్టింది.

అందరినీ అడిగాను. ఎదురు లేదు. నా పద్ధతి ప్రకారం వదిన గడిలో మాత్రం అడగలేదు అని రాయాలి. ఆ గడి అలాగే ఉంటుంది.

ఆ మేస్త్రీయే వచ్చాడు, ఎనిమిదింటికి. ఈసారి ఎవరితో మాట్లాడాలని అడగలేదు. ఇసుక దించాడు. మధ్యాహ్నానికి గచ్చు చేశాడు.

మా అన్న ఇంట్లో ఇప్పుడు ఎవరూ మగ్గం నేయడం లేదు.